మార్చి 3 ప్రైమరీకి వెళ్లాలా, నవంబర్‌లో ఓటేస్తే చాలదా?

ఫ్రిస్కో_శైలజ | ఫిబ్రవరి 8, 2026

అందరికీ నమస్తే. పోయిన ఏడాది సిటిజన్‌షిప్ వచ్చింది. ఓత్ అయిన హాలు బయట ఒక వాలంటీర్ బల్ల వేసుకుని కూర్చుంటే, అక్కడే ఓటరు ఫారం నింపి ఇచ్చేశాను. కార్డు కూడా ఇంటికి వచ్చింది.

మార్చి 3న మా టెక్సస్‌లో ప్రైమరీ, అంటే నవంబర్ ఎన్నికలో ఒక్కో పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఓటర్లే తేల్చే ఎన్నిక. ఇప్పుడు ఇంట్లో రోజూ దీని మీదే చర్చ. మా వారేమో "ప్రైమరీ అంటే పార్టీ వాళ్ల ఇంటి గొడవ, మధ్యలో మనమెందుకు, నవంబర్‌లో వేద్దాంలే" అంటారు. ఆఫీసులో ఒకావిడ మాత్రం "మన వైపు నవంబర్ వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది, అసలు ఎలక్షన్ మార్చిలోనే" అంది. ఎవరి మాట నమ్మాలి? రెండు పార్టీల్లోనూ వేయొచ్చా? ఒకసారి ఒక పార్టీ బ్యాలెట్ తీసుకుంటే జన్మంతా ఆ పార్టీ మనిషినని ముద్ర పడిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి. తిట్టుకోవడం మాత్రం వద్దు ప్లీజ్.

ప్లానో_బాబాయ్ | ఫిబ్రవరి 8

శైలజమ్మా, మీ ఆఫీసావిడ మాటే నిజం. అలాగని మీ ఆయన మాటా కొట్టిపారేయలేం. అది పార్టీ ఇంటి వ్యవహారమే, కాకపోతే ఆ ఇంటి తీర్పు చెప్పేది వీధిలో జనం.

ఇండియాలో మన దగ్గర టికెట్ ఎలా వస్తుందో తెలిసిందే కదా. హైకమాండ్ బీ-ఫారం ఎవరి చేతిలో పెడితే వాడే అభ్యర్థి. రాత్రికి రాత్రి పేరు మారిపోతుంది, పొద్దున్నే పార్టీ ఆఫీసులో కుర్చీలు విరుగుతాయి. 2014లో కాంగ్రెస్ పార్టీ కొన్ని లోక్‌సభ స్థానాల్లో ప్రైమరీలు పెట్టి చూసింది, తర్వాత ఆ ఊసే లేదు. ఇక్కడ ఆ బీ-ఫారం ఇచ్చేది ఓటరు.

టెక్సస్ సంగతి చెప్తాను, మిగతా రాష్ట్రాల వాళ్లు వాళ్ల సంగతి చెప్తారు. ఇక్కడ ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ అడగరు. పోలింగ్ దగ్గరికి వెళ్లాక టేబుల్ దగ్గర కూర్చున్న క్లర్క్ "ఏ పార్టీ బ్యాలెట్ కావాలి?" అని అడుగుతారు. ఒకటి చెప్పాలి, రెండూ ఇవ్వరు. అంతే. ఆ ముద్ర ఆ ఏడాది వరకే. మార్చిలో రిపబ్లికన్ బ్యాలెట్ తీసుకుంటే మే రన్‌ఆఫ్‌లో కూడా అదే తీసుకోవాలి, అటుకి దూకకూడదు. నవంబర్‌లో మాత్రం మీ ఇష్టం, ఎవరికైనా వేసుకోవచ్చు. మార్చిలో అసలు వెళ్లనివాళ్లు మేలో ఏ వైపు రన్‌ఆఫ్‌కైనా వెళ్లొచ్చు.

రన్‌ఆఫ్ అంటే, ఇక్కడ ప్రైమరీ గెలవాలంటే సగానికి పైన రావాలి. ఎవరికీ రాకపోతే మొదటి ఇద్దరికీ మే 26న మళ్లీ పోటీ. 2012లో టెడ్ క్రూజ్ అమెరికా సెనేట్‌కి, అంటే ఇక్కడి పార్లమెంటు ఎగువ సభకి, వచ్చిన దారి అదే. ప్రైమరీలో డ్యూహర్స్ట్‌కి 44 శాతం దాకా వచ్చాయి, క్రూజ్‌కి 34. రన్‌ఆఫ్‌కి వచ్చేసరికి తారుమారు. క్రూజ్ పేరు దేశమంతా తెలుసు, డ్యూహర్స్ట్ ఎవరని మీరు అడుగుతారని నాకు తెలుసు. అప్పట్లో ఆయన ఈ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్.

ఎర్లీ ఓటింగ్, అంటే ఎన్నిక రోజుకి ముందే వేసేసే వీలు, ఫిబ్రవరి 17 నుంచి 27 దాకా. ఆ రోజుల్లోనే వెళ్లండి. చివరి రోజు లైన్లతో టెన్షన్ పడొద్దు.

వరంగల్_టు_ఆస్టిన్ | ఫిబ్రవరి 8

బాబాయ్, అంతా బాగనే చెప్పిన్రు గానీ, దీనివల్ల ఒరిగేదేంది? రెండూ దొందూ దొందే. పైసలున్నోడు టీవీల యాడ్ ఏస్తడు, ఆడే గెలుస్తడు. నేనైతే ప్రెసిడెంట్ ఎలక్షన్‌కి తప్ప ఎన్నడూ పోలే. నాకేం నష్టం కాలే.

ప్లానో_బాబాయ్ | ఫిబ్రవరి 9

తమ్ముడూ, మీ పిల్లలు చదివేది గవర్నమెంట్ బడిలోనే కదా? అయితే ఈ కథ విను.

2023 నవంబర్‌లో గవర్నర్ అబాట్ ప్రైవేట్ బడులకి వోచర్లు, అంటే ఫీజుకి ప్రభుత్వ డబ్బు, ఇచ్చే బిల్లు తెచ్చారు. అసెంబ్లీలో, అంటే టెక్సస్ హౌస్‌లో, 84-63తో అది ఎగిరిపోయింది. ఎగరగొట్టింది ఒక్క డెమోక్రాట్లే కాదు. గవర్నర్ సొంత పార్టీ రిపబ్లికన్లు 21 మంది వాళ్లతో కలిశారు. ఎక్కువమంది పల్లెటూళ్ల నుంచి వచ్చినవాళ్లు. అక్కడ ప్రైవేట్ బడి ఉండదు, ఊరంతటికీ ఉన్నది ఆ ఒక్క బడే, అందులోనే సగం ఊరికి ఉద్యోగాలు.

గవర్నర్ ఊరుకోలేదు. 2024 మార్చి ప్రైమరీలో ఆ ఎమ్మెల్యేల మీద పోటీకి దిగినవాళ్ల తరఫున తనే ఊరూరా తిరిగారు. డబ్బు కుమ్మరించారు. కొందరు మార్చిలో పోయారు, కొందరు మే రన్‌ఆఫ్‌లో పోయారు, కొందరు ముందే దండం పెట్టి తప్పుకున్నారు. 2025 ఏప్రిల్‌లో అదే హౌస్‌లో వోచర్ల బిల్లు నెగ్గింది. మే 3న సంతకం అయిపోయింది. మొదటి విడతకే 100 కోట్ల డాలర్లు.

వోచర్లు మంచివా చెడ్డవా అన్నది పక్కన పెట్టు. నాకు ఒక అభిప్రాయం ఉంది, నీకు ఇంకోటి ఉండొచ్చు. నేను చెప్పేది వేరు. ఆ మార్పు జరిగింది మార్చిలో, మేలో. ఆ సీట్లలో నవంబర్ నాటికి పెద్ద పోటీయే లేదు. నువ్వు ప్రెసిడెంట్‌కి ఓటెయ్యడానికి వెళ్లేసరికి మీ పిల్లల బడి సంగతి ఎవరో తేల్చేసి ఆరు నెలలైంది.

ఇంకో లెక్క. 2022 మార్చి ప్రైమరీకి ఈ రాష్ట్రంలో రెండు పార్టీలకీ కలిపి 30 లక్షల మంది వచ్చారు. నమోదైన ఓటర్లు 1.7 కోట్ల పైనే. అంటే నూటికి 18 మంది. రన్‌ఆఫ్‌కి అందులో సగం కూడా రారు. పైసలున్నోడు గెలుస్తాడంటే ఎందుకు గెలుస్తాడు మరి? తక్కువమందిని కదిలిస్తే చాలు గనుక.

వరంగల్_టు_ఆస్టిన్ | ఫిబ్రవరి 9

అది ఫ్రిస్కో, ప్లానో ముచ్చట. మా ఆస్టిన్‌ల అంతా డెమోక్రాట్లే గెలుస్తరు. నేను ఏసినా ఏయకున్నా గంతే.

ప్లానో_బాబాయ్ | ఫిబ్రవరి 9

అదే కదా నేను మొత్తుకునేది! మీ దగ్గర డెమోక్రాట్ గెలుస్తాడు సరే, *ఏ* డెమోక్రాట్? అది తేల్చేది మార్చి. 2022లో దక్షిణ టెక్సస్‌లో ఒక కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సీటుకి పోటీపడ్డ హెన్రీ క్వెయార్, జెస్సికా సిస్నెరోస్ ఇద్దరూ డెమోక్రాట్లే. ఇద్దరికీ ఆలోచనల్లో నక్కకీ నాకలోకానికీ ఉన్నంత దూరం. మే రన్‌ఆఫ్‌లో రీకౌంట్ అయ్యాక తేడా 289 ఓట్లు. ఒక పెళ్లి విందులో కూర్చునేంత జనం.

షుగర్‌ల్యాండ్_శాస్త్రి | ఫిబ్రవరి 9

ప్రైమరీ "పార్టీ ఇంటి గొడవ" అన్న మాట చూసి రాయాలనిపించింది. శైలజ గారి శ్రీవారు ఏమీ అనుకోకపోతే ఒక సంగతి. సరిగ్గా ఈ వాదనతోనే టెక్సస్‌లో కొన్ని దశాబ్దాలు నల్లవాళ్లకి ఓటు లేకుండా చేశారు.

ఆ రోజుల్లో ఇక్కడ డెమోక్రాట్లదే రాజ్యం. నవంబర్ ఎన్నిక ఉత్త లాంఛనం. ప్రైమరీలో నెగ్గినవాడే ఎమ్మెల్యే, జడ్జి, షెరిఫ్ (పోలీసు అధికారి). నల్లవాళ్ల నవంబర్ ఓటుని తీసేయాలంటే రాజ్యాంగం అడ్డొస్తుంది. కాబట్టి దాని జోలికి పోకుండా 1923లో ఒక చట్టం చేశారు. డెమోక్రటిక్ ప్రైమరీలో నల్లవాళ్లు ఓటెయ్యకూడదు. నవంబర్‌లో వచ్చి వేసుకోండి, మాకేం అభ్యంతరం లేదు!

ఎల్ పాసోలో డాక్టర్ నిక్సన్ అనే ఆయన కోర్టుకెక్కారు. 1927లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదంది. రాష్ట్రం ఏం చేసిందో చూడండి. చట్టం తీసేసి, ఎవరిని రానివ్వాలో పార్టీ కార్యవర్గమే తేల్చుకోవచ్చంది. నిక్సన్ గారు మళ్లీ వెళ్లారు, 1932లో మళ్లీ గెలిచారు. ఈసారి పార్టీ మహాసభ తీర్మానం చేసింది, తెల్లవాళ్లే సభ్యులని. 1935లో సుప్రీంకోర్టు దానికి తలూపింది. పార్టీ అంటే ప్రైవేట్ సంఘం, దాని సభ్యులు దాని ఇష్టమని. అదీ "ఇంటి గొడవ" వాదన.

చివరికి హ్యూస్టన్‌లో లోనీ స్మిత్ అనే దంతవైద్యుడు వేసిన కేసులో 1944లో 8-1తో అది కూలింది. వాదించినవారిలో థర్గుడ్ మార్షల్ ఉన్నారు, తర్వాత సుప్రీంకోర్టులో తొలి నల్లజాతి జడ్జి అయిన ఆయనే. అభ్యర్థిని ఎంచుకోవడం కూడా ఎన్నికలో భాగమే, రాష్ట్రం చట్టాల ప్రకారం నడిచేది ప్రైవేట్ వ్యవహారం ఎలా అవుతుంది అన్నది తీర్పు సారం.

ఇంతటితో అయిపోలేదు. నేనుండే ఫోర్ట్ బెండ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), ఇవాళ వీధికి నలుగురు తెలుగువాళ్లున్న చోట, 1889 నుంచీ జేబర్డ్ అసోసియేషన్ అని ఒకటి ఉండేది. ప్రైమరీకి ముందు వాళ్లు ఇంకో ప్రైమరీ పెట్టుకునేవాళ్లు, తెల్లవాళ్లకి మాత్రమే. అందులో గెలిచినవాడు డెమోక్రటిక్ ప్రైమరీలో దాదాపు పోటీ లేకుండా నెగ్గేవాడు, తర్వాత నవంబర్ సరే సరి. దాన్ని కొట్టెయ్యడానికి సుప్రీంకోర్టుకి 1953 దాకా పట్టింది.

అవతలివాళ్లని బయట ఉంచడానికి ఇన్ని ఎత్తులు వేసి, ఇన్నేళ్లు పోరాడారంటే ఆ గదిలో ఏదో విలువైంది ఉన్నట్టే కదా. ఇవాళ తలుపు తీసి ఉంటే మనం వెళ్లడానికి బద్ధకిస్తున్నాం.

ఫ్రిస్కో_శైలజ | ఫిబ్రవరి 9

శాస్త్రి గారూ, మీ పోస్టు మా వారికి చదివి వినిపించాను. "సరే వెళ్దాం, కానీ ఏ బ్యాలెట్?" అన్నారు. ఇప్పుడు అదే గొడవ! నవంబర్‌లో మేము ఒక వైపు వేసే అవకాశం ఎక్కువ. మా నియోజకవర్గంలో గెలిచేది మాత్రం రెండో వైపు. మరి మార్చిలో ఆ రెండో పార్టీ బ్యాలెట్ తీసుకోవచ్చా? అది మోసం కాదా?

ఎడిసన్_రమణి | ఫిబ్రవరి 9

నా దృష్టిలో అది తప్పే అండీ. నమ్మని పార్టీలో దూరి వాళ్ల అభ్యర్థిని మనం తేల్చడమేంటి? 2008లో ఒక రేడియో ఆయన ఇదే పని చేయమని రిపబ్లికన్లకి చెప్పాడు, డెమోక్రాట్ల పోటీ ఇంకా సాగాలని. చట్టం ఒప్పుకుంటుందని ప్రతిదీ చేసేస్తామా?

మా న్యూజెర్సీలో అంత వీలుండదు. ఇక్కడ పార్టీతో నమోదవుతాం. ఏ పార్టీ రాయించుకోనివాళ్లు ప్రైమరీ రోజు వెళ్లి అప్పటికప్పుడు ఒకటి చెప్పి ఓటెయ్యొచ్చు, ఆ క్షణం నుంచి ఆ పార్టీ ఖాతాలోకి వెళ్తారు. ఆల్రెడీ ఒక పార్టీలో ఉన్నవాళ్లు మారాలంటే 55 రోజుల ముందే ఫారం పంపాలి. న్యూయార్క్ ఇంకా గట్టి. జూన్ ప్రైమరీకి పార్టీ మారాలంటే గడువు ఫిబ్రవరి 14, అంటే ఈ శనివారమే. క్వీన్స్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే చూసుకోండి. అక్కడ పార్టీ లేనివాళ్లకి ప్రైమరీలో చోటే లేదు.

మాకు ఇంకో తమాషా ఉండేది. బ్యాలెట్ మీద "కౌంటీ లైన్" అని. కౌంటీ పార్టీ పెద్దలు బలపరిచినవాళ్లందరూ పై నుంచి కింది దాకా ఒకే వరుసలో నీటుగా ఉండేవాళ్లు. మిగతావాళ్లు ఎక్కడో మూల, ఖాళీ గళ్లు దాటుకుని వెతుక్కోవాలి. మా అత్తగారు సాంపిల్ బ్యాలెట్ చూసి "ఈ మూలన ఉన్నవాళ్లు ఏం తప్పు చేశారే?" అని అడిగారు. ఆ లైన్ దొరికితే దాదాపు గెలిచినట్టే. అంటే పేరుకి ప్రైమరీ, లోపల మన బీ-ఫారమే. 2024లో సెనేట్‌కి పోటీ చేస్తూ ఆండీ కిమ్ కోర్టుకి వెళ్లారు. అవతల అప్పటి గవర్నర్ గారి భార్యే అభ్యర్థి. చాలా కౌంటీల లైన్లు ఆవిడవే. ఆవిడ మార్చిలో తప్పుకున్నారు, ఆ వారంలోనే జడ్జి ఆ లైన్‌కి బ్రేక్ వేశారు. ఇప్పుడు పదవి వారీగా అందరి పేర్లూ ఒకే పెట్టెలో వస్తాయి.

ప్లానో_బాబాయ్ | ఫిబ్రవరి 9

రమణమ్మా, ఒక్క మాట. బలహీనుణ్ణి నెగ్గించి తర్వాత ఓడిద్దామని వెళ్తే మీరన్నది నిజం, అది కుళ్లు పని. కానీ "ఎలాగూ ఈ పార్టీవాడే మమ్మల్ని ఏలబోతున్నాడు, ఉన్నవాళ్లలో కాస్త పని తెలిసినవాణ్ణి పంపుదాం" అని వెళ్తే తప్పేముంది? వాడు గెలిచాక నాకూ ఎమ్మెల్యేనే కదా. టెక్సస్‌లో పార్టీ సభ్యత్వం అడగకపోవడం ఎవరో మర్చిపోయి వదిలేసింది కాదు, ఇక్కడి పద్ధతే అది.

శైలజమ్మా, అలాగని ఇటు వైపు పోటీ లేదనుకోకండి. ఈసారి సెనేట్ సీటుకి రిపబ్లికన్లలో కార్నిన్, పాక్స్టన్, హంట్. డెమోక్రాట్లలో క్రాకెట్, టలరికో. రెండు వైపులా గట్టి పోటీయే. ముగ్గురున్న వైపు మే దాకా సాగేలా ఉందని నా అంచనా. మీకు సెనేట్ ముఖ్యమా, మీ హౌస్ సీటు, జడ్జీలు ముఖ్యమా చూసుకుని బ్యాలెట్ ఎంచుకోండి.

ఎడిసన్_రమణి | ఫిబ్రవరి 9

మీరు చెప్పిన తేడా అర్థమైంది బాబాయ్ గారూ. అయినా నాకు మింగుడు పడలేదు :)

మోడరేటర్ | ఫిబ్రవరి 10

అభ్యర్థుల మీద వ్యక్తిగత దూషణలతో వచ్చిన కొన్ని కామెంట్లు తీసేశాం. ఓటింగ్ పద్ధతి గురించే మాట్లాడండి. కులం, గోత్రం ఇందులోకి తేవద్దు.

బెల్‌వ్యూ_వాన | ఫిబ్రవరి 10

మా వాషింగ్టన్ స్టేట్‌లో ఈ తలనొప్పే లేదు. పార్టీ బ్యాలెట్ అని విడిగా ఉండదు. అన్ని పార్టీల వాళ్లూ ఒకే కాగితం మీద, ఆగస్టు ప్రైమరీకి ముందే ఇంటికి పోస్టులో వస్తుంది. కిచెన్ టేబుల్ మీద పెట్టుకుని టీ తాగుతూ నింపి లైబ్రరీ దగ్గర డ్రాప్ బాక్సులో వేసి రావడమే. మొదటి ఇద్దరు నవంబర్‌కి వెళ్తారు, ఇద్దరూ ఒకే పార్టీ అయినా సరే.

అయినా మావాళ్లు వెయ్యరు! కవరు ఆ టేబుల్ మీదే కూపన్ల కింద పడి ఉంటుంది, రెసైకిల్ డబ్బాలోకి పోతుంది.

2024 ఆగస్టులో ఏం జరిగిందో చెప్తాను. పబ్లిక్ ల్యాండ్స్ కమిషనర్, అంటే రాష్ట్రం అడవులు, అడవి మంటల సంగతి చూసే పదవి. రిపబ్లికన్లు ఇద్దరు, డెమోక్రాట్లు ఐదుగురు నిలబడ్డారు. ఐదుగురూ ఓట్లు పంచుకునేసరికి రిపబ్లికన్లు ఇద్దరూ పైకి వచ్చేలా ఉన్నారు. డెమోక్రాట్లు ఎక్కువగా గెలిచే రాష్ట్రంలో నవంబర్ బ్యాలెట్ మీద ఆ పదవికి డెమోక్రాట్ పేరే లేకుండా పోయేది. 18 లక్షలకు పైగా ఓట్లు పడితే, రీకౌంట్ అయ్యాక డేవ్ అప్‌థెగ్రోవ్ 49 ఓట్లతో రెండో స్థానంలో నిలిచారు. నవంబర్‌లో ఆయనే గెలిచారు. 49! మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో కూపన్ల కింద పోయిన కవర్లే అంతకంటే ఎక్కువుంటాయి.

సన్నీవేల్_కిట్టు | ఫిబ్రవరి 10

49కే ఆశ్చర్యపోతే ఎలా. మా పక్క నియోజకవర్గంలో, పాలో ఆల్టో, మౌంటెన్ వ్యూ అటు వైపు, 2024 మార్చిలో కాంగ్రెస్ సీటుకి రెండో స్థానం *టై* అయింది. ఎవాన్ లోకి 30,249, జో సిమిటియన్‌కి 30,249. మొదటి స్థానంలో ఉన్నాయనతో కలిపి ముగ్గురూ నవంబర్‌కి వెళ్తారన్నారు. రీకౌంట్ పెడితే లో 5 ఓట్లు ముందుకొచ్చి, సిమిటియన్ ఇంటికెళ్లారు. నవంబర్‌లో మొదటి స్థానంలో ఉన్న లికార్డో గెలిచారు, అది వేరే సంగతి.

కాలిఫోర్నియాలో కూడా మొదటి ఇద్దరి పద్ధతే, 2010లో జనమే ఓటేసి తెచ్చుకున్నారు. దాని వల్ల నవంబర్‌లో తరచూ ఇద్దరూ డెమోక్రాట్లే మిగులుతారు. 2016 సెనేట్‌కి కమలా హారిస్, లొరెట్టా శాంచెజ్ అలాగే. రో ఖన్నా 2014లో సొంత పార్టీ ఎంపీ మైక్ హోండా మీద ఓడి, 2016లో గెలిచారు.

ప్రెసిడెంట్ ప్రైమరీకి మాత్రం ఈ పద్ధతి వర్తించదు, అది పార్టీల వారీగానే. అక్కడ ఒక బోను ఉంది, మనవాళ్లు బాగా పడతారు. ఓటరు నమోదు ఫారంలో "అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ" అని ఒక గడి ఉంటుంది. మేం ఏ పార్టీ కాదు, ఇండిపెండెంట్లం అనుకుని టిక్ పెట్టేస్తారు. అది అచ్చంగా ఒక పార్టీ! ఏ పార్టీ వద్దనుకుంటే "నో పార్టీ ప్రిఫరెన్స్" పెట్టాలి.

అన్నట్టు మా శాంటా క్లారా కౌంటీలో నమూనా బ్యాలెట్ తెలుగులో కూడా దొరుకుతుంది. దాని మీద ఓటు వేయకూడదు గానీ, పక్కన పెట్టుకుని చూసి ఇంగ్లీషు దాని మీద నింపుకోవచ్చు. మా నాన్నగారు అలాగే చేశారు, ఒక్క ప్రపోజిషన్ (ఓటర్లే అవునో కాదో తేల్చే ప్రశ్న) కూడా వదలకుండా.

మేరీల్యాండ్_మణి | ఫిబ్రవరి 10

మాది క్లోజ్డ్ ప్రైమరీ. పార్టీ రాయించుకోకపోతే డెమోక్రాట్, రిపబ్లికన్ ప్రైమరీల్లో ఓటు లేదు, అంతే సంగతులు. మా వైపు నవంబర్‌లో డెమోక్రాట్లదే పైచేయి కాబట్టి అన్ని పదవులూ ప్రైమరీలోనే తేలిపోతాయి.

2018లో హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ కాంగ్రెస్‌కి పోటీ చేశారు. ప్రైమరీలో డేవిడ్ ట్రోన్ అనే వ్యాపారవేత్త సొంత డబ్బు మంచినీళ్లలా ఖర్చు పెట్టి గెలిచారు. ఆవిడకి ఫొటోలు, దండలు, గుడిలో సన్మానం అన్నీ చేసిన మావాళ్లలో కొందరు తీరా ఆ రోజు "మేం ఇండిపెండెంట్లం, మాకు ఓటు లేదట" అన్నారు. దండ వేసే ముందే ఒక ఫారం నింపి ఉంటే పోయేది. 2022లో గవర్నర్‌గా గెలిచిన వెస్ మూర్‌తో కలిసి ఆవిడే లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. ఆ ప్రైమరీలో మూర్‌కి వచ్చింది 32 శాతం చిల్లర. మాకు రన్‌ఆఫ్ లేదు, ఎక్కువ ఎవరికొస్తే వాళ్లదే.

పక్కనే వర్జీనియాలో నిరుడు జూన్‌లో అలాగే. గజాలా హష్మీ, ఆవిడ కూడా హైదరాబాద్‌లోనే పుట్టారు. ఆరుగురి పోటీలో 27 శాతంతో లెఫ్టినెంట్ గవర్నర్ ప్రైమరీ గెలిచారు. రెండో ఆయనకీ ఆవిడకీ ఒక్క శాతం కూడా తేడా లేదు. నవంబర్‌లో అంతకంటే ఎంతో తేలిగ్గా గెలిచారు.

వీసా_విశ్వం | ఫిబ్రవరి 10

మాలాంటి హెచ్-1బీ వాళ్లకి ఇందులో ఏమైనా పని ఉందా? గ్రీన్‌కార్డ్ ఉన్న మా ఫ్రెండు డ్రైవింగ్ లైసెన్స్ రెన్యూ చేయిస్తుంటే ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగారట. ఎస్ కొట్టబోయాడు.

ప్లానో_బాబాయ్ | ఫిబ్రవరి 10

కొట్టలేదు కదా? బతికిపోయాడు. అందరూ ఇది జాగ్రత్తగా చదవండి. గ్రీన్‌కార్డ్ ఉన్నా సరే, సిటిజన్ కానివాళ్లు ఇలాంటి ప్రైమరీల్లో ఓటెయ్యకూడదు, నమోదూ కాకూడదు. "తెలియక టిక్ పెట్టాను" అంటే వినరు. సిటిజన్‌షిప్ ఫారంలోనే ఎప్పుడైనా నమోదయ్యారా, ఓటేశారా అని అడుగుతారు. అక్కడ దొరికితే సిటిజన్‌షిప్ మాట దేవుడెరుగు, దేశం నుంచి పంపించే దాకా పోవచ్చు. ఎవరైనా ఇప్పటికే నమోదై ఉంటే ఫోరంలో అడక్కండి, ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి వెళ్లండి.

విరాళాల సంగతీ అంతే. గ్రీన్‌కార్డ్ వాళ్లు ఇవ్వొచ్చు. హెచ్-1బీ, విద్యార్థి వీసా వాళ్లు అభ్యర్థికి ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు. జీతం లేకుండా వాలంటీర్‌గా తిరగొచ్చు, ఓటున్న వదినలనీ బావలనీ కారెక్కించి పోలింగ్‌కి తీసుకెళ్లొచ్చు.

ఫ్రిస్కో_శైలజ | ఫిబ్రవరి 11

నమూనా బ్యాలెట్ డౌన్‌లోడ్ చేసి చూశాను. బాబోయ్, ఎంత పొడుగుందో! సగం పదవుల పేర్లే తెలీదు. రైల్‌రోడ్ కమిషనర్‌ని కూడా మనమే ఎన్నుకోవాలా? ఇక్కడ రైళ్లెక్కడున్నాయి?

షుగర్‌ల్యాండ్_శాస్త్రి | ఫిబ్రవరి 11

ఆ పేరు చూసి మోసపోకండి. రైళ్లకీ ఆ పదవికీ ఇప్పుడు సంబంధం లేదు. చమురు, గ్యాస్ బావులు, పైపులైన్ల మీద అజమాయిషీ వాళ్లదే. టెక్సస్‌లో అంతకంటే బరువైన కుర్చీలు తక్కువ.

కింద జడ్జీల పేర్లు వరసగా ఉంటాయి. ఇక్కడ జడ్జీలు కూడా పార్టీ గుర్తు మీదే గెలుస్తారు. విడాకులు, ఆస్తి తగాదాలు, పిల్లల కస్టడీ అన్నీ వీళ్ల ముందుకే. ఇంకా కిందికి వెళ్తే ప్రిసింక్ట్ చైర్, అంటే మీ వీధుల వరకు పార్టీ ప్రతినిధి. చాలా చోట్ల పోటీకి ఎవరూ ఉండరు. మనవాళ్లు ఎవరైనా ముందుకొస్తే బాగుండు. చిట్టచివర పార్టీ పెట్టే ప్రపోజిషన్లు ఉంటాయి. అవి చట్టాలు కావు, సభ్యుల మనసు తెలుసుకోవడానికి పెట్టిన ప్రశ్నలు. నెగ్గినా ఏదీ అమల్లోకి రాదు.

ఓడిపోయినవాళ్లు రెబెల్‌గా నిలబడతారేమో అనుకోకండి, ఆ ముచ్చట టెక్సస్‌లో కుదరదు. ప్రైమరీలో ఓడితే నవంబర్‌లో ఇండిపెండెంట్‌గా పోటీకి చట్టమే ఒప్పుకోదు. అన్ని రాష్ట్రాల్లోనూ అంతే అనుకోనక్కర్లేదు. 2006లో కనెక్టికట్‌లో సెనేటర్ లీబర్‌మన్ అలాగే నిలబడి గెలిచారు. 2010లో అలాస్కాలో సెనేటర్ లీసా మర్కౌస్కీ అయితే బ్యాలెట్ మీద పేరే లేకుండా, ఓటర్ల చేత చేత్తో రాయించుకుని మరీ గెలిచారు.

ప్లానో_బాబాయ్ | ఫిబ్రవరి 11

ఆ నమూనా ప్రింట్ తీసి, టిక్కులు పెట్టుకుని చేతిలో పట్టుకెళ్లండి. ఫోన్‌లో దాచుకుని లోపల చూద్దామంటే కుదరదు. ఓటింగ్ మెషీన్లకి 100 అడుగుల లోపు ఫోన్ వాడనివ్వరు. అభ్యర్థి పేరున్న టీ-షర్టు, టోపీ కూడా వద్దు, బయటే ఆపేస్తారు. డ్రైవింగ్ లైసెన్సో పాస్‌పోర్టో తీసుకెళ్లండి. ఫొటో ఉన్న సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ కూడా చెల్లుతుంది గానీ దాన్ని బయట తిప్పకండి.

ఇంకో సంగతి. మీరు ఏ పార్టీ ప్రైమరీలో ఓటేశారన్నది బయటికి తెలుస్తుంది, ఎవరికేశారన్నది తెలీదు. ఆ లిస్టు ప్రచారం చేసుకునేవాళ్లు కొనుక్కుంటారు. వచ్చే నెల నుంచి ఫోన్‌కి మెసేజ్‌లు వర్షంలా వస్తాయి. ఓపిక పట్టండి.

తేదీలు కలిపేసుకోవద్దు. మే మొదటి శనివారం సిటీ, స్కూల్ బోర్డు ఎన్నికలు, వాటికి పార్టీలు ఉండవు. మే 26 ప్రైమరీ రన్‌ఆఫ్. దానికి ఎర్లీ ఓటింగ్ ముందు వారంలో ఐదు రోజులే.

ఫ్రిస్కో_శైలజ | ఫిబ్రవరి 12

మే 26కి మేం విజయవాడలో ఉంటాం, టికెట్లు ఎప్పుడో తీసేసుకున్నాం. ఇక్కడే ఉండే మా అమ్మకి కూడా సిటిజన్‌షిప్ ఉంది, 70 దాటింది, మోకాళ్ల నొప్పులు, లైన్లో నిలబడలేదు. ఏమైనా దారి ఉందా?

ప్లానో_బాబాయ్ | ఫిబ్రవరి 12

రెండింటికీ ఉంది. ఎర్లీ ఓటింగ్ రోజులూ, ఎలక్షన్ రోజూ మొత్తం కౌంటీలో లేనివాళ్లు పోస్టల్ బ్యాలెట్ అడగొచ్చు. రన్‌ఆఫ్‌కి దరఖాస్తు మే 15 లోపు కౌంటీ ఆఫీసుకి *చేరాలి*, పోస్టులో వేస్తే సరిపోదు. బ్యాలెట్ విజయవాడ అడ్రసుకే రావాలి. మన పోస్టు సంగతి తెలుసు కదా, ఏప్రిల్‌లోనే పంపేయండి.

అమ్మకి 65 దాటాయి కాబట్టి కారణం చెప్పక్కర్లేదు. ఒకే ఫారంలో ఏడాది మొత్తానికీ అడగొచ్చు, కాకపోతే ప్రైమరీకి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అందులో టిక్ పెట్టాలి. మార్చికి అయితే ఫిబ్రవరి 20 లోపు చేరాలి, అంటే ఇవాళే నింపండి. బ్యాలెట్ తిరిగి పంపేటప్పుడు కవరు మూత కింద ఒక చిన్న గడి ఉంటుంది. అందులో లైసెన్స్ నంబరు గానీ సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలు గానీ రాయాలి. 2022 మార్చిలో ఆ గడి కనబడక, ఖాళీగా వదిలేసి వేలమంది పెద్దవాళ్ల ఓట్లు చెల్లకుండా పోయాయి. ఫారంలో ఏ నంబరు ఇచ్చారో కవరు మీద కూడా అదే రాయించండి. మూత అంటించే ముందు ఒకసారి మీరే చూడండి.